మాయ పోయాక కూడా బీపీ ఎందుకు పెరిగింది?

మీ ప్రశ్నలు – డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారాలు. మాది కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర ఒక పల్లె. నా వయసు 24. తొలి కాన్పు. నెలలు నిండేదాకా బీపీ 120 దాటలేదని నా కార్డులో రాసి ఉంది. నొప్పులు సాగలేదని ఆపరేషన్ చేసి పాపను తీశారు. నాలుగో రోజు అమ్మగారింటికి వచ్చాను. ఆరో రోజు తెల్లవారుజామున తల పగిలిపోయేంత నొప్పి మొదలైంది. వెన్నులో ఇచ్చిన మత్తు సూది వల్లే అని ఊళ్ళో వైద్యుడు మాత్రలిచ్చాడు. పచ్చి బాలింతను కదా, గాలి సోకిందని అమ్మ చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, సాంబ్రాణి పొగ వేసింది. సాయంత్రానికి కళ్ళ ముందు మెరుపుల్లాంటివి కనిపించాయి. ఆ తర్వాత నాకేమీ తెలియదు. ఫిట్స్ వచ్చాయట. 108లో కర్నూలు చేరేసరికి బీపీ 180/120 ఉందట. ఐదు రోజులు ఉంచి పంపారు. ఇప్పుడు పాపకు మూడో నెల, ఇద్దరం బాగున్నాం.

నా అనుమానం ఇది. మాయ (ప్లాసెంటా) బయటికి వచ్చేస్తే ఈ జబ్బు పోతుందంటారు. నాకు మాయ పోయిన ఆరు రోజులకు ఎందుకు వచ్చింది? అక్కడి చిన్న డాక్టరును అడిగితే ఇందులో రోగనిరోధక వ్యవస్థ పాత్ర ఉందన్నారు. అంటే నా ఒళ్ళే నా మీద తిరగబడిందా? మూడో రోజే తలకు పోయించినందుకు అని అత్తగారి మీద అమ్మ, పథ్యం సరిగా పెట్టనందుకు అని అమ్మ మీద అత్తగారు మాటలు అనుకుంటున్నారు. నేను ఇంకో బిడ్డను కనవచ్చా?

జవాబు: అమ్మా, మీరు చివర రాసిన తగవును ముందు తీరుస్తాను. మూడో రోజు తలకు పోసుకుంటే ఫిట్స్ రావు. పథ్యంలో తేడా జరిగినా రావు. చెవుల్లో దూది పెట్టుకోనందుకు అసలే రావు. ఈ పేజీని అమ్మగారికీ అత్తగారికీ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి చదివి వినిపించండి. ఇద్దరూ మిమ్మల్ని కాపాడుకోవాలనే చూశారు. వాళ్ళకు తెలియనిది ఒక్కటే: బాలింతకు కూడా బీపీ చూడాలని. అది చెప్పి పంపాల్సిన బాధ్యత వైద్యులమైన మాది.

మీకు వచ్చినదాన్ని ప్రసవానంతర ప్రీఎక్లాంప్సియా అంటాం. ఫిట్స్ దాకా వెళ్ళింది కాబట్టి ఎక్లాంప్సియా. గుర్రపు వాతం అని పాత పేరు. గర్భం 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరి, దానితో పాటు మూత్రంలో ప్రోటీన్ పోతున్నా, మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతింటున్న సూచనలు కనిపించినా అది ప్రీఎక్లాంప్సియా. ఎక్కువమందికి ఇది కడుపుతో ఉండగానే తెలుస్తుంది. కొందరికి మీలాగే కాన్పు దాకా అన్నీ సవ్యంగా ఉండి, ఆ తర్వాత మొదటిసారి బయటపడుతుంది. చాలావరకు మొదటి వారంలోనే వస్తుంది, ఆరు వారాల దాకా ఎప్పుడైనా రావచ్చు.

ఇక మీరు అడిగిన అసలు సంగతికి వస్తాను. నాకెంతో ఇష్టమైన విషయం కనుక కొంచెం విస్తరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

కడుపులో బిడ్డ సగం మీ పోలిక, సగం మీ ఆయన పోలిక. మీ ఆయన ఒంటి నుంచి అరచేయంత చర్మం తీసి మీ చేతికి అతికిస్తే, కొద్ది వారాల్లో మీ ఒళ్ళు దాన్ని పరాయిదని గుర్తుపట్టి చంపేస్తుంది. అదే ఒళ్ళు ఆయన అంశ సగం ఉన్న బిడ్డను తొమ్మిది నెలలు మోసి, పోషించి, క్షేమంగా బయటికి పంపుతుంది. ఇది ఎలా సాధ్యమని బ్రిటన్ శాస్త్రవేత్త పీటర్ మెడవార్ 1953లో అడిగాడు. గర్భంలో తల్లి రోగనిరోధక వ్యవస్థ నిద్రపోతుందని ఆ తర్వాత చాలాకాలం అనుకున్నారు. నిద్రపోదు. పని చేస్తుంది, ఎంతో మెలకువగా చేస్తుంది.

నెల తప్పిన తొలి వారాల్లో మాయ తాలూకు కణాలు గర్భాశయం గోడలోకి వేళ్ళలా దిగుతాయి. అక్కడ తల్లి రక్తాన్ని తెచ్చే సన్నని మెలికల రక్తనాళాలు ఉంటాయి. మాయ కణాలు వాటి గోడల్లోని కండను కరిగించి, వాటిని వెడల్పు చేయాలి. మన కేసీ (కర్నూలు–కడప) కాలువనే చూడండి. సుంకేసుల ఆనకట్ట దగ్గర నీళ్ళు నిండుగా ఉన్నా, పిల్లకాలువ పూడిపోయి ఇరుకుగా ఉంటే చివరి ఆయకట్టుకు తడి అందదు. గర్భాశయంలోనూ అంతే. ఆ నాళాలు మొదటి నాలుగైదు నెలల్లో విచ్చుకోవాలి. నెలలు నిండేకొద్దీ బిడ్డకు కావలసిన రక్తం అంతా ఆ దారినే రావాలి.

ఆ పిల్లకాలువలను తవ్వే పనిలో మాయ కణాలకు తోడుగా నిలిచేవి తల్లి రోగనిరోధక కణాలే. గర్భం తొలి నెలల్లో గర్భాశయం లోపలి పొరలో ఉండే తెల్లరక్తకణాల్లో దాదాపు 70 శాతం ఒకే జాతివి. వాటికి సహజ హంతక కణాలు అని పేరు, మేము క్లుప్తంగా ఎన్‌కే కణాలు అంటాం. పేరు వింటే భయం వేస్తుంది కానీ గర్భాశయంలో వాటి పని చంపడం కాదు. మాయ కణాల మీద తండ్రి నుంచి వచ్చిన గుర్తులు ఉంటాయి, హెచ్‌ఎల్‌ఏ–సి అంటారు. తల్లి ఎన్‌కే కణాల మీద ఆ గుర్తులను తడిమి చూసే గ్రాహకాలు ఉంటాయి. అవి ఆ గుర్తును పట్టి, ఎంత లోతుకు దిగనివ్వాలో, నాళాన్ని ఎంత విప్పనివ్వాలో తేలుస్తాయి. మరీ లోతుకు వెళ్తే తల్లికి ముప్పు, మరీ పైపైన ఆగితే బిడ్డకు ఆకలి. తల్లి గ్రాహకాలూ తండ్రి గుర్తులూ కొన్ని రకాల జతలుగా కలిసినప్పుడు తవ్వకం మందగిస్తుందనీ, అటువంటి జంటల్లో ప్రీఎక్లాంప్సియా ఎక్కువగా కనిపిస్తోందనీ కేంబ్రిడ్జిలో ఆష్లే మాఫెట్ బృందం 2004లో చూపింది.

వీటితో పాటు నియంత్రణ టి కణాలు అని ఇంకో రకం ఉన్నాయి. ఊళ్ళో తగవు ముదరకుండా సర్దిచెప్పే పెద్దమనుషుల్లాంటివి. బిడ్డలోని తండ్రి అంశకు తల్లి ఒంటిని అలవాటు చేసేవి ఇవే. ప్రీఎక్లాంప్సియా వచ్చినవారిలో వీటి సంఖ్య తగ్గి ఉండటం పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఈ జబ్బు తొలి కాన్పులో ఎక్కువ, అదే భర్తతో మలి కాన్పులో తక్కువ. రెండు కాన్పుల మధ్య చాలా ఏళ్ళు గడిచిపోతే మళ్ళీ పెరుగుతుంది. వేరొకరి అండంతో గర్భం ధరించినవారిలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే అప్పుడు బిడ్డ సగం కాదు, పూర్తిగా పరాయి. పరిచయం తక్కువైన చోట ముప్పు ఎక్కువ. రోగనిరోధక వ్యవస్థ పాత్ర లేకపోతే ఈ లెక్కకు అర్థమే లేదు.

కాబట్టి మీ ఒళ్ళు మీ మీద తిరగబడలేదు తల్లీ. మీ కణాలకూ మాయ కణాలకూ మధ్య తొలి నెలల్లో కుదరాల్సిన ఒప్పందం కొంత అరకొరగా కుదిరి ఉంటుంది. అది మీరు చేసిన తప్పు వల్ల కాదు. ఆ రోజుల్లో మీరు ఏం తిన్నారు, ఏం మోశారు అన్నదానితో దానికి సంబంధం లేదు.

తడి అందని మాయ ఊరుకోదు. ఎస్‌ఫ్లిట్–1 అనే ప్రోటీన్‌ను తల్లి రక్తంలోకి విపరీతంగా వదులుతుంది. మన రక్తనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండటానికి కొన్ని పోషక ప్రోటీన్లు కావాలి. ఎస్‌ఫ్లిట్–1 వాటిని పట్టి కట్టేస్తుంది. పోషణ లేక ఆ పొర చిట్లుతుంది. నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, మూత్రపిండాల జల్లెడ నుంచి ప్రోటీన్ కారుతుంది, మెదడు వాస్తుంది. 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం ఈ సంగతి బయటపెట్టాక ఈ జబ్బును మేము చూసే చూపే మారిపోయింది.

మరి మాయ పోయాక? మాయ పోగానే ఎస్‌ఫ్లిట్–1 రోజుల్లోనే పడిపోతుంది, నిజమే. కానీ దెబ్బతిన్న నాళాల పొర అంత త్వరగా మానదు. మాయ నుంచి రాలిన సూక్ష్మమైన ముక్కలు తల్లి రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. వాటిని ఊడ్చే పనిలో తెల్లరక్తకణాలు రేగి వాపు రసాయనాలు వదులుతాయి. రక్తంలో కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్ల గొలుసు ఉంటుంది, అది అదుపు తప్పితే ఎర్రకణాలనూ నాళాల పొరనూ కూడా కొరుకుతుంది. ప్రీఎక్లాంప్సియా వచ్చిన కొందరి రక్తంలో ఒక ప్రత్యేకమైన యాంటీబాడీ ఉంటుంది. నాళాలను బిగించే యాంజియోటెన్సిన్ అనే రసాయనం ఏ తాళంలో దూరుతుందో ఆ తాళంలోనే ఇది మారు తాళంచెవిలా దూరి నాళాలను బిగిస్తుంది. 1999లో బెర్లిన్ పరిశోధకులు దీన్ని గుర్తించారు. కాన్పు అయ్యాక ఏడాది దాటినా కొందరిలో అది మిగిలి ఉండటం ఆ తర్వాత తేలింది. మాయ పోతుంది, యాంటీబాడీ పోదు.

ఇంకో సంగతి ఉంది. తొమ్మిది నెలలు సర్దుకుపోయిన రోగనిరోధక వ్యవస్థ కాన్పు తర్వాత పాత పద్ధతికి ఒక్కసారిగా మళ్ళుతుంది. గర్భంలో నెమ్మదించిన కీళ్ళవాతం బాలింతలకు తిరగబెట్టడం, కొత్తగా థైరాయిడ్ వాయడం అందుకే. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే ప్రీఎక్లాంప్సియాలోనూ, కాన్పు తర్వాత వచ్చేదానిలోనూ రక్తంలోని వాపు రసాయనాల తీరు ఒకేలా లేదని 2019లో మాంట్రియల్ పరిశోధకులు రాశారు. అంటే మీ జబ్బు గర్భంలో మేము చూసే జబ్బుకు తోక మాత్రమే కాదు, దానికి తనదైన నడక కూడా ఉంది.

వీటన్నిటి మీదా నీటి బరువు. గర్భంలో ఒంట్లో చేరిన నీరు, ఆపరేషన్‌లో ఎక్కించిన సెలైన్ కాన్పు తర్వాత రెండు మూడు రోజులకు కండల్లో నుంచి రక్తంలోకి తిరిగి వస్తాయి. అందుకే ఏ బాలింతకైనా, ఆరోగ్యవంతురాలికైనా, మూడో రోజు నుంచి ఆరో రోజు లోపల బీపీ అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మేము తల్లులను ఇంటికి పంపేస్తాం. మీరు నాలుగో రోజు వెళ్ళారు. ఆరో రోజు ఫిట్స్ వచ్చాయి.

ఇది రాస్తుంటే నాకు ఒక ముఖం గుర్తొస్తోంది. 1987లో నేను హౌస్ సర్జన్‌ని. ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చిన ఒక చేనేత కుటుంబం అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయి, మామూలు కాన్పు. మూడో రోజు ఇంటికి బయలుదేరుతూ తల నొప్పిగా ఉందమ్మా అంది. వార్డులో ఎనభై మంది ఉన్నారు. నిద్ర లేక అయ్యుంటుందని చెప్పి రెండు మాత్రలు చేతిలో పెట్టాను. బీపీ చూడలేదు. పరికరం నాకు బారెడు దూరంలో, బల్ల మీదే ఉంది. ఆమెను మర్నాటి రాత్రి లారీలో తీసుకొచ్చారు, ఫిట్స్ మీద ఫిట్స్. అప్పట్లో అటువంటివారిని వెలుతురు, చప్పుడు తగలకుండా చీకటి గదిలో పడుకోబెట్టేవాళ్ళం. మద్రాసు డాక్టర్ కృష్ణ మీనన్ రూపొందించిన మూడు మత్తుమందుల మిశ్రమం ఎక్కించేవాళ్ళం. తెల్లారేలోపు ఆమె పోయింది. బిడ్డను చుట్టిన గుడ్డ వాళ్ళ మగ్గం మీద నేసినదే, అంచు ఎర్రది. ఆ రోజు నుంచి నేను ఏ బాలింత తలనొప్పినీ బీపీ చూడకుండా వదల్లేదు.

తర్వాత మెగ్నీషియం సల్ఫేట్ వాడకం స్థిరపడింది. 1995లో అనేక దేశాల్లో జరిగిన పరీక్షలో ఫిట్స్ మళ్ళీ రాకుండా ఆపడంలో అది మిగతా మందులకంటే మెరుగని తేలింది. 2002లో 33 దేశాల్లో పది వేలకు పైగా తల్లుల మీద జరిగిన మరో పరీక్షలో, ఫిట్స్ రాకముందే ఇస్తే ఆ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని తేలింది. మీకు పిరుదుల్లో మంటపెట్టే పెద్ద సూదులు ఇచ్చి ఉంటారు, అది ఇదే. చవక మందు, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది.

మీ ఊరి వైద్యుడి మాట గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ పొరపాటు ఆసుపత్రుల్లోనూ జరుగుతుంది. వెన్నులో మత్తు ఇచ్చాక తలనొప్పి రావడం నిజమే. కానీ ఆ నొప్పి లేచి కూర్చుంటే పెరిగి, వెల్లకిలా పడుకుంటే తగ్గుతుంది. పడుకున్నా తగ్గని నొప్పి, మాత్రకు లొంగని నొప్పి, కళ్ళ ముందు మెరుపులతోనో మసకతోనో వచ్చే నొప్పి, కుడి పక్కటెముకల కింద పోటుతోనో ఆయాసంతోనో కలిసి వచ్చే నొప్పి వేరు. ఏ రకమో ఆలోచించే ముందు బీపీ చూడాలి. రెండు నిమిషాల పని.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. కాన్పయి పన్నెండు వారాలు నిండగానే ఒకసారి బీపీ, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించుకోండి. బీపీ అప్పటికీ దిగకపోతే అది వేరే రక్తపోటు, దాని కారణం వెతకాలి. కీళ్ళ నొప్పులు, ముఖం మీద ఎర్రని దద్దుర్లు, వరుస గర్భస్రావాల చరిత్ర ఉంటే లూపస్, యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు కూడా చేయించమని అడగండి. అవి రోగనిరోధక వ్యవస్థ తన ఒంటినే పొరబడి కొట్టే జబ్బులు, ఇవి ఉన్నవారికి ప్రీఎక్లాంప్సియా ముప్పు ఎక్కువ. బీపీ మాత్రలు ఇంకా వాడుతుంటే పాపకు పాలివ్వడానికి భయపడకండి. మేము బాలింతలకు ఎక్కువగా రాసే లాబెటలాల్, నిఫెడిపిన్, ఎనలాప్రిల్ మూడూ తల్లిపాల విషయంలో నిరపాయమైనవి. రోగనిరోధక శక్తి పెంచుతామని సంతలో అమ్మే పొడుల జోలికి మాత్రం పోవద్దు. మీకు కొరవడింది శక్తి కాదు, ఆ శక్తికి కుదరాల్సిన సర్దుబాటు. ఏ పొడీ దాన్ని తేలేదు.

ఇంకో బిడ్డను తప్పకుండా కనవచ్చు. ఒకసారి వచ్చినవారికి మళ్ళీ వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువే, అయినా చాలామందికి మలి కాన్పు ఏ ఇబ్బందీ లేకుండా జరుగుతుంది. నెల తప్పగానే మీ కథంతా డాక్టరుకు చెప్పండి. పన్నెండో వారం నుంచి, ఆలస్యమైనా పదహారో వారం లోపల, రోజూ తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. 150 మిల్లీగ్రాములు రాత్రిపూట తీసుకున్నవారిలో నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గినట్టు 2017లో వెలువడిన ఒక పెద్ద పరీక్ష చూపింది. పాలు, పెరుగు తక్కువగా తినేవారికి కాల్షియం మాత్రలు కూడా మేలు చేస్తాయి. మన వైపు జొన్నరొట్టె, సంగటి తినే ఇళ్ళలో రాగుల వల్ల కొంత కాల్షియం అందుతుంది కానీ గర్భిణికి అది చాలదు. కాన్పు సమయంలో రక్తం ఆగడానికి వాడే మెథర్జిన్ సూది బీపీని పెంచుతుంది. మీ చరిత్ర తెలిస్తే డాక్టర్లు దాన్ని వదిలి వేరేది వాడతారు. అందుకే ఈ డిశ్చార్జి కాగితాన్ని పెట్టె అడుగున పడేయకండి.

మీకు 24 ఏళ్ళే కాబట్టి ఇంకొకటి చెబుతాను. ఈ జబ్బు వచ్చినవారికి నడివయసులో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు మిగతా ఆడవారికంటే సుమారు రెండింతలు, రక్తపోటు ముప్పు అంతకంటే ఎక్కువ. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏడాదికి ఒకసారి, పాప పుట్టినరోజు నాడు, బీపీ చూపించుకోండి. ఆ తేదీ మీరు మరిచిపోరు.

ప్రశ్న: నేను కడపలో ఉంటాను. నా భార్యకు ఏడో నెలలోనే ప్రీఎక్లాంప్సియా వచ్చి బిడ్డ దక్కలేదు. మాది మేనరికం, ఆమె మా మేనత్త కూతురు. తండ్రి వైపు నుంచి కూడా కారణం ఉంటుందని ఎక్కడో చదివాను. నా రక్తం ఆమెకు పడలేదా?

జవాబు: బాబూ, మీ బిడ్డ విషయం చదివి చాలా బాధపడ్డాను. రక్తం పడకపోవడం అని మనవాళ్ళు అనేది వేరు, అది తల్లి నెగటివ్ గ్రూపు, బిడ్డ పాజిటివ్ గ్రూపు అయినప్పటి సమస్య. దానికి సూది ఉంది. ఇది అది కాదు. మేనరికానికి ఉన్న చిక్కు కూడా వేరు, రెండు వైపులా ఒకే లోపం ఉన్న జన్యువు బిడ్డలో కలవడం.

తండ్రి పాత్ర మాట నిజమే. పై ఉత్తరానికి రాసిన జవాబులో హెచ్‌ఎల్‌ఏ–సి గుర్తుల గురించి చెప్పాను, అవి మీ నుంచి వచ్చినవే. ఒక భార్యకు ఈ జబ్బు వచ్చిన పురుషుడు వేరే స్త్రీ వల్ల తండ్రి అయినప్పుడు ఆమెకు కూడా ముప్పు దాదాపు రెండింతలు ఉన్నట్టు నార్వేలో జననాల రికార్డులు పరిశీలించి 1998లో రాశారు. ఇది మీ తప్పు కాదు, మీ కళ్ళ రంగు ఎలాగో ఇదీ అంతే. ఈ సంగతి నేను ఇక్కడ రాయడానికి కారణం ఒక్కటి: ఈ జబ్బు వచ్చిన ఆడపిల్లను అరిష్టం అని, ఒంట్లో దోషం ఉందని పుట్టింటికి పంపిన ఇళ్ళు నేను చూశాను. మీ పెద్దవాళ్ళు ఎవరైనా ఆ మాట అంటే, డాక్టరమ్మ సగం లెక్క నా పేరున కూడా రాసింది అని చెప్పండి. ఏడో నెలలోనే వచ్చింది కనుక మీ భార్యకు యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష చేయించండి. మొదటిసారి తేడా కనిపిస్తే పన్నెండు వారాలు ఆగి మళ్ళీ చేయాలి, ఒక్కసారి చేసింది లెక్కకు రాదు. తర్వాతి గర్భానికి తొందరపడకండి, ఆమె బీపీ మామూలుకు వచ్చి, మనసు కుదుటపడ్డాక చూడండి.

ప్రశ్న: అమ్మా, నేను అనంతపురం జిల్లాలో ఏఎన్‌ఎంని. బాలింతలకు ఎన్ని రోజులు బీపీ చూడాలి? ఎంత ఉంటే పంపాలి? ఇళ్ళలో బాలింత గదిలోకి రానివ్వరు, పురుడు తీరాక రమ్మంటారు.

జవాబు: పురుడు తీరేదాకా ఆగితే మనం ఆలస్యంగా వెళ్ళినట్టే. కాన్పయ్యాక మూడు రోజుల్లో ఒకసారి, ఏడు నుంచి పది రోజుల లోపల ఇంకోసారి తప్పకుండా చూడాలి. కడుపుతో ఉండగా బీపీ ఉన్నవారికి ఇంకా తరచుగా చూడాలి. మీ ఆశా కార్యకర్త బిడ్డను చూడటానికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఎలాగూ వెళ్తుంది. మొదటి రెండు సార్లు మీరు కూడా ఆమెతో పరికరం పట్టుకుని వెళ్ళండి. బిడ్డ బరువు చూస్తామంటే ఏ ఇంట్లోనూ కాదనరు. అదే నోట తల్లి చేయి కూడా ఇటివ్వమనండి.

140/90 ఉంటే నాలుగు గంటల తర్వాత మళ్ళీ చూసి, అప్పుడూ అలాగే ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపండి. తలనొప్పి, కంటి మసక, పైకడుపు నొప్పి, ఆయాసం ఉంటే ఆ నాలుగు గంటలు ఆగొద్దు. 160/110 ఉంటే పావుగంటలో మళ్ళీ చూడండి, ఈలోపు 108కి ఫోను చేయండి. అంత బీపీ గంటలోపు దిగకపోతే మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో చెంచా, తాళంచెవులు పెట్టనివ్వకుండా, శిక్షణలో నేర్పిన మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఇచ్చి పంపండి. కాన్పు తర్వాత ఎన్ని రోజులైందో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. బాలింత అని రాసి లేకపోతే పెద్దాసుపత్రిలో మామూలు మూర్ఛ అనుకుని వేరే వార్డుకు పంపే ప్రమాదం ఉంది.

కొలిచేటప్పుడు తల్లిని మంచం మీద కాళ్ళు నేలకు ఆనేలా కూర్చోబెట్టండి. ఐదు నిమిషాలు ఊరికే ఉండనివ్వండి. చేయి గుండె ఎత్తులో, కింద దిండు ఆనించి ఉండాలి. చీర చేతి మీదుగా పట్టీ చుట్టకండి. పాప పాలు తాగుతుంటే ఆగి, వదిలాక చూడండి. మొదటిసారి ఎక్కువ చూపితే ఆమెతో ఆ మాట పైకి అనకుండా, పాప పేరు ఏం పెట్టారని అడిగి, కాసేపు ఆగి రెండోసారి చూడండి. రెండు అంకెలూ రాసుకోండి.